జాతర ఖర్చు

మహబూబ్‌నగర్ కోర్టు గేటుకెదురుగ
జిరాక్సు షాపు మీద నా ఆఫీసు.
పదమూడు మెట్లు.
తొమ్మిదో మెట్టు కాడ అందరు ఒక్కసారి ఆగుతరు,
ఎక్కాల్నా దిగాల్నా అని చెప్పులు ఆలోచిస్తయి.
ఆ ఆగిన చప్పుడు విని
కేసేందో సగం చెప్తడు మా గుమాస్తా ఖాజామియా:
‘ఇది విడాకులు గాదు మేడం, మనోవర్తి.’

కుర్మమ్మ వచ్చింది, మక్తల్ అవతలి నుంచి,
బట్టల షాపు కవర్ల కాయితాలు ముడేసుకొని.
లగ్గం పత్రిక లేదు.
పెండ్లికి సాక్ష్యమేమున్నదంటే ఫోటో తీసింది.
చెదలు తిన్న దాంట్ల పెండ్లికొడుకు సగమే ఉన్నడు.
‘మిగిలిన సగం పూణెల ఉన్నది’
అన్నది, నవ్వకుంట.

తాయప్ప. సెంట్రింగు మేస్త్రి.
ఇరవై అంతస్తులు లేపిండంట,
ఒక్క ఫోను లేపలే మూడేండ్లాయె.

ఇండ్లు కలుపుతనని కొందరు నా కాడికొస్తరు,
కూలగొడ్తనని కొందరు నన్ను తిడ్తరు.
దినమంత నేను చేసేది లెక్క రాసుడు.
అఫిడవిట్ల గడులుంటయి, నింపాలె.
బియ్యం, రేషన్‌వి పోను.
నూనె. పోరగాని ఆటో.
బూట్లు,
‘ఏడాదికి రెండు జతలు రాయి మేడం, వాని కాలు ఆగుతలేదు.’
అత్త మోకాళ్ల గోలీలు.
‘అత్తవా?’ అన్న.
‘ఆమె నా కాన్నే ఉంటది. కొడుకు ఇడిసిపెట్టినంక ఏడికి పోతది?’
తల్లి గూడ కొడుకు మీద వెయ్యొచ్చు,
కాని ఆమె కేసు ఆమె వెయ్యాలెనని చెప్పిన.
‘అయితె రేపు తోల్కొస్త’ అన్నది,
చుట్టాలింటికి రమ్మన్నట్టు.

ఇగ ఆఖరి గడి: సొంత ఖర్చులు.
‘నాకేముంటది?’
ఫ్యాను మూడుసార్లు కిర్రుమన్నది.
ఈ గడి కాడ అందరు ఇట్లనే అంటరు.
‘ఖాళీ పెడితే అవతలి వకీలు
సున్న అని చదువుతడు కుర్మమ్మా’ అన్న.

చానసేపటికి, గోడ దిక్కు చూసుకుంట:
‘కురుమూర్తి జాతర.
ఏడాదికోసారి.
బస్సు కిరాయి, డజను గాజులు, రంగులరాట్నం.’
‘పిలగానికా?’
‘నాకే.’

రాసిన. పదిహేను వందలు.

అవతలి వకీలు దాన్ని ఒత్తి ఒత్తి చదివిండు కోర్టుల.
‘రంగులరాట్నం గూడ జీవనాధారమేనా?’
ఎనక బెంచీలు నవ్వినయి.
నేను లేసిన. ఒక్క తీర్పు నంబరు నోటికి రాలే.
అప్పుడు బోనుల నిలబడ్డ తాయప్ప,
సిమెంటు తిన్న చేతులు చూసుకుంట,
‘అవి ఇస్త సార్.
మిగిలినయి నాతోని గాదు గని,
జాతర పైసలిస్త’ అన్నడు.
ఇది రాయాల్నా వద్దా అని
స్టెనో జడ్జి మొకం చూసింది.

మనోవర్తి.
ముప్పై ఏండ్ల సంది టైపు చేపిస్తున్న ఆ మాట.
మనసు మొదట్లనే ఉన్నది దాంట్ల.
దాని కాడ ఆగి ఎవ్వరు ఏం అడగలే,
తిన్నగ రూపాయలకు పోతం.

తీర్పు ఇంకా రాలే.
మధ్యంతరం కింద నెలకు నాలుగు వేలు,
అవి గూడ నెల ఇడిసి నెల.
జాతర గడి మీద ఉత్తర్వుల ఒక్క మాట లేదు.
అత్త కేసుకు వేరే నంబరు పడ్డది.
ఇద్దరు ఒక్క టిఫిన్ల తెచ్చుకొని
వరండాల తింటరు.

రెండేండ్లల్ల ఇరవై మూడు వాయిదాలు.
తొలి బస్సుకే వచ్చింది, ఒక్కటి తప్పలే.
ఇరవై నాలుగోది
దీపావళి ఎనక, సరిగ్గ జాతర నాడు పడ్డది.
డైరీ చూసి చెప్పిన.
‘ఆ దినం నేను రాను మేడం.’

గైర్హాజరుకు పిటిషన్ రాస్తున్న.
కారణం కాడ పెన్ను ఆగింది.
‘జరమని రాయుండ్రి, అందరు అదే రాస్తరు’
అన్నడు ఖాజామియా.
కుర్మమ్మ ఒప్పుకోలే.
‘ఉన్నది ఉన్నట్టు రాయి.
ఆ గడి నింపిచ్చింది నువ్వే గద.’