ఇంటూ గుర్తు

డండీలో, టే నది ఒడ్డున మూతబడ్డ
జనపనార మిల్లు కాగితాలన్నీ
ఇప్పుడు మా నేలమాళిగలో ఉన్నాయి.
పదకొండు వందల నలభై పెట్టెలు.
ఏ పెట్టెలో ఏముందో చెప్పే జాబితా మాత్రం ఒక్కటే,
ఇన్నిస్ విషర్ట్ గారు చాలా ఏళ్ళ కింద టైపు కొట్టింది.
మూడు వందల పేజీలు,
ఒక అక్షరం ప్రతిచోటా కాస్త కిందికి జారి.

దాన్ని తెర మీదికి ఎక్కించడం నా పని.
స్కానర్ కింద పెడతాను. యంత్రం చదువుతుంది.
మగ్గాల లెక్కని మొగ్గల లెక్క అంటుంది.
అలాగే ఉంచేస్తే పోలా అనిపిస్తుంది ఒక్క క్షణం.
దిద్దుతాను.

తేదీకో గడి, పేరుకో గడి, బరువుకో గడి.
112వ పెట్టె దగ్గర: '319 చూడుము.'
319 దగ్గర: '112 చూడుము.'
నన్నడక్కు, వాణ్ణడుగు అని
ఇద్దరు గుమాస్తాలు తిప్పినట్టు.

కొన్ని పెట్టెల పక్కన, మార్జిన్లో,
పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు.
యంత్రం దాన్ని మురికి అనుకుని తుడిచేసింది.
నేను లెక్కపెట్టాను: రెండు వందల ఆరు.

తడిసినవా? ఎలకలు కొట్టినవా?
వకీళ్ళు చూపించొద్దన్నవా?
విషర్ట్ గారు పోయి పందొమ్మిదేళ్ళు.
చెల్లెలు ఎఫీ బ్రాటీ ఫెర్రీలో ఉంది, తొంభై రెండు.
మగ్గాల మోతకి చెవులిచ్చేసిన మనిషి,
ఫోను పనికిరాదు. బస్సెక్కి వెళ్ళాను.
నా పెదాలు చూసి విన్నది. నవ్వింది.

"అవి అన్నయ్య తెరవనివి.
పెట్టె మీద అట్ట ఏమంటే అదే రాసేవాడు.
రిటైరయ్యే రోజు దగ్గర పడింది, నడుం వంగదు.
అబద్ధం ఆడాడు గానీ
ఆడిన చోటల్లా గుర్తు పెట్టాడు."

మా డేటాబేసులో దానికి గడి లేదు.
అడిగితే, తర్వాత చూద్దాం అన్నారు.

గురువారం వెబ్‌సైట్ ప్రారంభించారు. కేకు కోశారు.
ఆ రాత్రే ఖుల్నా నుంచి ఎవరో వెతికారు:
మొఫిజుద్దీన్, మూటలు కట్టేవాడు, 1926.
ఫలితాలు: సున్నా.
పేరులో అక్షరం మార్చి మళ్ళీ వెతికారు. సున్నా.
ఇంకో అక్షరం.
పొద్దున లాగ్ తెరిస్తే ఏడుసార్లు.

తెర మీద సున్నా ఎంత శుభ్రంగా ఉంటుందో!
లేడు అంటుంది.
మేం చూడలేదు అని మాత్రం అనదు.

ఇవాళ శనివారం, సెలవు. కిందికి దిగాను.
మొదటి ఇంటూ: 17వ పెట్టె, 'బొగ్గు రసీదులు.'
తాడు విప్పగానే గోనె వాసన, తుమ్ము.
పైన నిజంగానే బొగ్గు రసీదులు.
వాటి కింద ఇంకేవో ఉన్నాయి,
మడతలు పడి, దారంతో కుట్టి.

ఉండండి,
ముందు పెన్సిల్ చెక్కుకోవాలి.