వట్టి కత్తెర

షెఫీల్డ్‌లో వాన కురవదు, వేలాడుతుంది.
ట్రాము దిగి, కొండెక్కి, మళ్లీ నేలమాళిగ మెట్లు దిగి
నల్లతెరల గదిలోకి వచ్చేసరికి రాత్రి తొమ్మిది.
ముప్పై ఏడో నంబరు ఎలుక మత్తులో ఉంది.
దాని గుండె
నా చిటికెనవేలికి వినిపిస్తోంది.

నిన్న మధ్యాహ్నం దాని మెదడులో ఒక నెత్తుటి దారిని
గంటసేపు నేనే మూశాను.
పరిశోధన పత్రంలో మాత్రం "మూయబడింది" అని రాస్తాను.
కర్మణి ప్రయోగం ఇందుకే పుట్టిందేమో.

పుర్రె విప్పను. మెదడుకు సూది తాకనివ్వను.
ఎరుపు దాటిన ఎరుపు, కంటికందని ఎరుపు
ఆ చిన్న నెత్తి మీద పోసి
తిరిగొచ్చేదాని కోసం కూర్చుంటాను.
చిన్నప్పుడు కరెంటు పోతే
టార్చి మీద అరచెయ్యి మూసి
వేళ్లు నిప్పుల్లా మారడం చూసేదాన్ని.
ఇప్పుడు జీతమిచ్చి అదే పని చేయిస్తున్నారు.

తోక నరంలోంచి పంపిన మందులో
రంగుబిళ్లలు జంటలు జంటలుగా, పొట్టి దారానికి కట్టి.
పక్కపక్కన ఉన్నంతసేపూ
ఒకదాని వెలుగును ఒకటి మింగేస్తుంది.
దారం తెగితేనే దీపం.
తెంపేది ఒక ఎంజైము.
లోపల ఒకే ఒక్క జింకు పరమాణువు,
దాని చుట్టూ పదును.
రక్తానికీ మెదడుకీ మధ్య గోడ అల్లికను
పోగు పోగునా కత్తిరిస్తుంది.

లైటార్పాను.
పది నిమిషాలకు ఆవగింజంత.
గంటకు కందిగింజంత.
తెర మీది పసుపూ ఎరుపూ కంప్యూటరు పూసినవి,
అక్కడ ఉన్నది రంగులేని కోత.

"ఊరికే కత్తెర ఆడించకే, ఇంట్లో తగవులొస్తాయి"
చీకట్లో మా మేనత్త చూడామణి గొంతు.
జాకెట్లు కుట్టే మనిషి,
గుడ్డ లేకుండా కత్తెర చప్పుడైతే
పక్కగదిలోంచి కేకేసేది.

కిందటి నెల జనానికి ల్యాబు చూపించిన రోజు
డెరిక్ హాలమ్ వచ్చాడు, చక్రాల కుర్చీలో.
నలభై నాలుగేళ్లు ఈ ఊళ్లోనే
కత్తెరలకు రెండు అలుగులూ జతకూర్చినవాడు.
ఇప్పుడు కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది,
మాటలన్నీ కూతురు మోరీన్ ఆడుతోంది.
ఆమె మాట్లాడుతుండగానే
నా బల్ల మీది కత్తెర ఎడంచేత్తో తీసి
చెవి దగ్గర తెరిచి, మూసి,
"వదులు" అన్నాడు.
ఆ పూట ఆయన నోటినుంచి ఊడిపడిన మొదటి మాట.
స్క్రూడ్రైవరడిగి, సైగతో,
మర అరచుట్టు బిగించాడు.
తర్వాత వేలితో తన తల చూపించి,
"ఇది?"

మీ ఎముక మందం, ఈ వెలుగు దాటలేదు,
ఎలుకదైతే ఉల్లిపొర, అన్నాను.
సగం నోటితో నవ్వాడు.
మిగతాది చెప్పలేదు.

మొదటిరోజు గోడ కోసే ఈ కత్తెరే
రెండోవారంలో కొత్త రక్తనాళాలకు బాట కోస్తుంది.
అప్పుడు దాని నోరు నొక్కిన ఎలుకలు
కోలుకోవడం మర్చిపోయాయి.
ఇరవై రెండు, ఇరవై ఆరు, ముప్పై ఒకటి.
ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు వదలాలి,
ఆ చెవి నాకు లేదు.
కంది గింజ ఎంత వెలుగో కొలవగలను.
మంచి కోతో చెడ్డ కోతో కొలవలేను.

పదకొండున్నర. ముప్పై ఏడు లేచింది,
ఎడమ ముందుకాలు ఈడ్చుకుంటూ
వెచ్చటి గుడ్డ అంచుదాకా వెళ్లి
మీసాలు కదిలించింది.
ఫైలుకు పేరు పెట్టాను. చేతులు కడుక్కున్నాను.
బల్ల మీద కత్తెర.
చెవి దగ్గర పెట్టుకుని
ఒకే ఒక్కసారి,
ఊరికే,
ఆడించాను.