రిమార్కులు: ఏమీ లేవు

మా నాన్న లాకు లస్కరు.
ముప్పై ఒక్క ఏళ్లు కాలవ గట్టున నిలబడి
నీటిమట్టం చూసి పుస్తకంలో రాశాడు,
పొద్దున ఆరుకి, సాయంత్రం ఆరుకి,
వరదొస్తే గంట గంటకీ.
చివరి గడి రిమార్కులు.
అందులో ఎప్పుడూ ఒకటే మాట: ఏమీ లేవు.

సైబర్ సెక్యూరిటీ క్లాసులో
ఆ పుస్తకమే నా మొదటి పాఠం.
పిల్లలు నవ్వారు. నవ్వనిచ్చాను.
లాగ్ అంటే ఇదేనర్రా అన్నాను,
మెలకువగా ఉన్నవాడి చేతిరాత.

రాజోలులో పాత కురిడీల గిడ్డంగి మా ల్యాబు.
ఎత్తేసిన బ్యాంకు బ్రాంచి నుంచి పదకొండు కంప్యూటర్లు,
రెండు పలకవు.
ఫ్యాను తిరిగితే గోడల్లోంచి ఎండుకొబ్బరి వాసన.
పెయ్యల మరియదాసు, ఉందుర్తి కెజియా,
అంతర్వేది పడవల వాళ్ల పిల్ల ఓలేటి నూకరత్నం,
ఇంకో పద్నాలుగు మంది.
వీళ్ల ఇళ్లలో ఇంజనీరు అనే మాట
ఇంకా కొత్త చెప్పులా కరుస్తుంది.

మొదటిసారి నిధులడగడానికి వెళ్లాను.
ఏసీ గదిలో ఒకాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ
"ఈ పిల్లలకి డేటా ఎంట్రీ నేర్పండమ్మా,
చేతికి పనొస్తుంది. పరిశోధన ఎందుకూ?" అన్నాడు.
మంచివాడే. టీ కూడా ఇప్పించాడు.
అందరికీ ఇచ్చిన కప్పులాంటి కప్పులోనే.
చూసుకున్నాను.
అలా చూసుకోవడం మా అమ్మ నేర్పిన అలవాటు.

నాన్న అనేవాడు:
గండి వరదలోంచి రాదే, పీత బొక్కలోంచి వస్తుంది.
నీళ్లవైపు చూస్తే తెలీదు.
గట్టు దిగి పొడివైపు మట్టిలో చెయ్యి పెట్టు,
తడి తగిలితే కేకెయ్యి.

కెజియాకి తడి తగిలింది.
వాళ్లమ్మ పొదుపు సంఘం ఖాతా ఫోన్లో చూస్తుంటే
నంబరులో చివరి అంకె పొరపాటున మారింది,
పక్కింటి సుగుణమ్మ డబ్బంతా తెరుచుకుంది.
అడ్డెవరూ లేరు.
వెంటనే మూసేసి, వణుకుతూ నా దగ్గరకొచ్చింది.
ఆ యాప్ నడిపే సంస్థకి ఫోను చేయించాను.
అవతలి గొంతు అంతా విని అడిగింది:
"ఇంతకీ మీది ఊళ్లోనా, పేటలోనా?"

"ఆ సంగతి మీ సర్వరు అడగలేదండీ!"
ఈ మాట కెజియా అనలేదు.
ఫోను పెట్టేశాక మరియదాసు అన్నాడు, అందరం నవ్వాం.
కెజియా మాత్రం ఊరి పేరు, పేట పేరు,
ఇంటి నంబరుతో సహా చెప్పి,
బొక్క ఎక్కడుందో మళ్లీ మొదటి నుంచీ చెప్పింది.

పంతొమ్మిది రోజులకి పూడ్చారు.
ఉత్తరం ముక్క రాలేదు.

రెండోసారి దరఖాస్తులో ఒక గడి ఉంది, ఫలితాలు అని.
ఏం రాయను?
సుగుణమ్మ డబ్బు సుగుణమ్మ దగ్గరే ఉందనా?
గోడకి లోపల పుట్టినవాళ్లకి గోడ కనపడదు,
దాని వెంట చెయ్యి రాసుకుంటూ పెరిగిన పిల్లలకి
ప్రతి బీటా తెలుసు అని రాశాను.
కొట్టేశాను.
రెండు రూటర్లు, ఒక ఇన్వర్టరు అని రాశాను.

ఎనభై ఆరు వరద రాత్రి పేజీ ఒక్కటే
నాన్న పుస్తకంలో సిరా పాకిపోయింది.
మూడింటిదాకా అంకెలు ఆనతాయి,
ఆ పైన నీలం మరక.
రిమార్కుల్లో ఏం రాశావు నాన్నా అంటే
"చేతులు ఇసుక బస్తాల కింద ఉంటే
రాసేదెవరే?" అన్నాడు.

ఇవాళ ముసురు. వశిష్ఠలోకి పోటు ఎక్కుతోంది.
కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది.
నూకరత్నం రాత్రి లాగ్ ముగిస్తూ తలెత్తింది.
"మేడమ్, రిమార్కులు?"
"ఎన్నిసార్లు చూశావు?"
"ఏడు."
"పొడివైపు కూడానా?"
"పొడివైపే ముందు చూశానండీ."
"అయితే రాయి."