రేడియేటర్‌లో టీ

ఆదివారం పొద్దున్నే
అమ్మ బల్ల మీద చిల్లర పోసేది.
పెట్రోలుకి రెండు పౌన్లు,
ఐస్‌క్రీములకి, ముగ్గురం కదా, యాభై పెన్నీలు.
పార్కింగుకి ఏమీ లేదు.
పార్కింగుకి డబ్బులిచ్చేవాళ్లు
మా నాన్న లెక్కలో బుర్ర తక్కువ జనం.

హల్ నుంచి తూర్పుకి పద్దెనిమిది మైళ్లు.
మా ఆస్టిన్ కారు ఒకప్పుడు ఆకుపచ్చ.
వెనక సీటులో నేను, డెరెక్, చిన్నది రోవీనా,
రోవీనా ఒళ్లో, వాంతి వస్తే ఉంటుందని, ఖాళీ బిస్కెట్ల డబ్బా.
కిటికీ హ్యాండిలు ఎప్పుడో ఊడిపోయింది,
గాలి కావాలంటే ముందు సీటుని స్పానర్ అడగాలి.

బార్లీ చేలు, చేల మధ్య పొట్టి చర్చిలు.
సముద్రం ముందు చూసినవాళ్లకి
అరటిపండు, అని అమ్మ పందెం కట్టేది.
నాన్నకి మా అందరికన్నా ముందే కనిపించేది.
చెప్పేవాడు కాదు.

పదమూడేళ్లు ఆ నీటి మీదే బతికాడు.
ఐస్‌లాండ్ వైపు కాడ్ చేపలకి వల వేసి
మూడు వారాలకోసారి
మూడు రోజుల కోసం ఇంటికొచ్చేవాడు.
తర్వాత ఏవో దేశాలు నీళ్ల మీద ఏవో గీతలు గీసుకున్నాయి.
పడవల్ని తుక్కుకి అమ్మేశారు.
నాన్నని ఎవరూ కొనలేదు.

మాకొక రోడ్డు ఉండేది.
నిజానికి సగం రోడ్డు.
మిగతా సగాన్ని ఏదో చలికాలం సముద్రం కొరుక్కు తినేసింది.
మధ్యలో తెల్లగీత మాత్రం ఆ సంగతి తెలియనట్టు
అంచు దాకా వెళ్లి ఆగేది.
అక్కడ కారు పెడితే అడిగే నాథుడు లేడు.
నాన్న కారు తిప్పి, వీపు సముద్రం వైపు పెట్టి ఆపేవాడు.
మేం బకెట్లతో మట్టిగట్టు మీంచి జారిపోయేవాళ్లం.
ఆయన స్టీరింగు వెనకే కూర్చుని
బార్లీ చేనుకి ఎదురుగా పేపరు విప్పేవాడు.

ఇంగ్లండు ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి:
వాన పడుతుంది.
గొడుగు కింద గుడ్డు శాండ్‌విచ్‌లు, పళ్ల కింద ఇసుక,
నీలం తిరిగిన మోకాళ్లు.
"బాగుంది కదూ" అనేది అమ్మ, ప్రతిసారీ,
రసీదు మీద సంతకం పెట్టినట్టు.

ఆ ఆగస్టు ఆదివారం మాత్రం
పొరపాటున ఎండ కాసింది.
సాయంత్రం బోనెట్ ఎత్తి చూస్తే
రేడియేటర్ ఆవులా వట్టిపోయి ఉంది.
కింద తారు మీద పెద్ద మరక.
దగ్గర్లో ఇల్లు లేదు, కుళాయి లేదు.

నేను బకెట్ పట్టుకుని పరుగెత్తాను.
కళ్లెదుట అన్ని నీళ్లుంటే దిగులెందుకు?
రొప్పుతూ గట్టెక్కి
సగం ఒలికిన బకెట్ ఆయన కాళ్ల దగ్గర పెట్టాను.
నాన్న అందులోకి చూశాడు, చాలాసేపు.
వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు.
"ఇది ఇనుముని తినేస్తుంది, ఫ్రీడా."

పారబోస్తాడనుకున్నాను.
బకెట్ ఎత్తుకుని గట్టు దిగాడు.
చుక్క ఒలకనీయకుండా
ఇసుకంతా దాటి
అలల్లోకి నడిచి, వంగి, అక్కడ వదిలాడు.
మోకాళ్ల దాకా తడిసి తిరిగొచ్చాడు.
ఎందుకంత శ్రమ అని ఎవరమూ అడగలేదు.

అప్పుడు అమ్మ ఫ్లాస్కు మూత తిప్పింది.
మిగిలిన టీ అంతా, గరాటు లేకుండా,
చేయి వణక్కుండా, రేడియేటర్‌లో పోసింది.
దాని వెనకే డెరెక్ నారింజ రసం,
రోవీనా పాలసీసాలో నీళ్లు.
"చక్కెర వేశావా?" అన్నాడు నాన్న.
"నీకు వేసినంతే."
నాన్న నవ్వాడు.
పక్కన ఒక పన్ను లేదని
నాకు ఆ రోజే తెలిసింది.

రెండు మైళ్లకోసారి ఆగుతూ వచ్చాం.
కారంతా మరిగిన టీ వాసన.
ఊళ్లోకొచ్చేసరికి వీధి దీపాలు.

ఆ అక్టోబరులో ఆస్టిన్ కూడా తుక్కుకి పోయింది,
పదకొండు పౌన్లకి.
ఆ సగం రోడ్డు ఇప్పుడు పావు కూడా లేదట.

మంచం మీద వాలిపోయాక గుర్తొచ్చింది:
ఐస్‌క్రీముల యాభై పెన్నీలు
అమ్మ పర్సులో అలాగే ఉన్నాయి.
ముగ్గురిలో ఒక్కరం కూడా అడగలేదు.