రబ్బరు ముద్ర

బైరికిలో, గుమాస్తాల గదిలో
పంపకాలు జరుగుతున్నాయి.
డెబ్భై అయిదు, డిసెంబరు ఆఖరి వారం.
కుర్చీలు లెక్కయ్యాయి. బీరువాలు లెక్కయ్యాయి.
ఫ్యాను మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది
తనెవరి వాటాకి వస్తుందో అడక్కుండా.

సునేమాది ఎల్లిస్ దీవులు.
బౌరోది గిల్బర్ట్ దీవులు.
పదకొండేళ్ళు ఒకే ఫ్లాస్కులో టీ తాగారు.
బురదగుంటలో ఊరే ఒకే దుంపని
ఆమె పులాకా అంటుంది, అతను బబాయి అంటాడు.
ఉడకడానికి పట్టే పొద్దు మాత్రం ఒకటే.

గిల్బర్ట్ ఎవరు? చైనాకి పోతూ
దారిలో మమ్మల్ని చూసిన కెప్టెన్.
ఎల్లిస్ ఎవరు? ఎవరి ఓడలోనో సరుకున్న షావుకారు,
ఈ ఇసుక మీద కాలైనా మోపనివాడు.
మా పేరు మేం పెట్టుకుంటాం అన్నారు ఎల్లిస్ వాళ్ళు.
ఓట్లేశారు.
వెళ్ళండి మరి, అంది దొరతనం.
ఓడ ఒక్కటి తీసుకోండి.
బనాబా ఫాస్ఫేటు డబ్బుల మాట ఎత్తకండి.
(ఆ దీవి సగం అప్పటికే
ఎక్కడెక్కడి గడ్డిమైదానాలకో ఎరువైపోయింది.)

చివరికి సొరుగు అడుగున దొరికింది ముద్ర:
గిల్బర్ట్ అండ్ ఎల్లిస్ దీవుల కాలనీ.
కొత్తది వచ్చేదాకా పని ఆగదు కదా,
బౌరో గడ్డం గీసుకునే బ్లేడు తీశాడు.
'ఎల్లిస్' ఊడొచ్చింది.
సునేమా దాన్ని చెత్తబుట్టలోకి విసిరి
చేతులు దులుపుకుంది.
ఇంకో ముక్క మిగిలింది బల్ల మీద, గోరంత.
'అండ్'.

తెలుగులో అయితే దానికి వేరే మాటే అక్కర్లేదు.
నువ్వూ నేనూ అని
చివరి అచ్చు కాస్త సాగితే చాలు.
బ్లేడుకి దొరకదు.

జాబితాలో దానికి గడి లేదు.
"ఇది?" అన్నాడు బౌరో.
"ఓడలో ఆ మాత్రం చోటుంటుందిలే" అంది.

నివాంగా దక్షిణానికి తిరిగింది.
తర్వాత చాన్నాళ్ళు తరావా నుంచి వచ్చే ప్రతి కవరు మీదా
గిల్బర్ట్‌కీ దీవులకీ నడుమ ఖాళీ,
బెంచీ మీద ఎవరో లేచెళ్ళిన చోటులా.
డెబ్భై తొమ్మిది జులైలో అదీ పోయింది.
గిల్బర్ట్ అన్న పేరే వాళ్ళ నోళ్ళలో నాని నాని
కిరిబాస్ అయింది. కొత్త దేశం, కొత్త ముద్ర,
అక్షరానికీ అక్షరానికీ మధ్య సందు లేదు.

ఫునాఫుటిలో ఓ జెండా పండగ పొద్దున
మనవడి చొక్కాకి గుండీ వెతుకుతుంటే
సునేమా వేలికి మెత్తగా ఏదో తగిలింది.
వెలుతురుకి పెట్టి చూసింది.
తలకిందులుగా మూడక్షరాలు.
ఇంకు ఇంకా అంటుతోంది.