బూటు కింది మట్టి

సకాయ్‌లో కత్తులు నూరే వీధి దాటి
రేవు వైపు పోతే
ఖాళీ సీసాలు వచ్చి చేరే పెరడు ఒకటుంది.
పందొమ్మిదేళ్లుగా అక్కడే నా కొలువు.
మూత తీసి ఒక బుట్టలో,
ఒంటికంటిన కాగితం ఒలిచి ఇంకో బుట్టలో,
మిగిలిన సీసా నలిపే మర నోట్లో.

అడుగున ఎప్పుడూ ఒక గుక్క మిగులుతుంది.
చల్లారిన బార్లీ టీ,
ఏ పిల్లాడో తాగలేక వదిలేసిన పుచ్చకాయ సోడా.
ఒకసారి మడిచిన ఉత్తరం.
విప్పలేదు. అప్పటికే నానిపోయింది.

ఆ చలికాలం ఒక కుర్రాడొచ్చాడు.
కుజే అని పేరు, చెవులు ఎర్రగా కందిపోయి.
గేటు దగ్గర మట్టి, కాలవ పక్క బురద
గాజు గొట్టాల్లోకి ఎత్తుకుంటున్నాడు.
నన్ను చూసి నడుం వంచి నమస్కరించి
"ఇవాసే గారూ, మీ బూటు అడుగున ఉన్నది కూడా
కాస్త ఇప్పిస్తారా?"
గోడకానుకుని కాలెత్తాను.
గుర్రానికి నాడా చూసేవాడిలా
వంగి, చెంచాతో గీక్కున్నాడు.

పందొమ్మిదేళ్లు
ఇంటి గుమ్మం ముందు నేను కడిగి పారబోసింది
అదే మట్టి.

వానలు వెళ్లాక మళ్లీ వచ్చాడు.
చేతిలో బిస్కెట్ల పెట్టె పెట్టాడు.
ఒక్కో బిస్కెట్‌కీ ఒక్కో ప్లాస్టిక్ చొక్కా.
ఇద్దరం చూశాం. ముందు అతనే నవ్వాడు.
"తింటోందండీ."
"ఏది?"
"మీ మట్టిలోది. సీసాని తింటోంది."

ఆకలి రుచెరగదు, సరే.
కంటికి ఆనని ప్రాణి
మేం పారేసింది తప్ప మరేమీ దొరకని చోట
పస్తుండి, పస్తుండి
చివరికి గిన్నెనే కొరికిందన్నమాట.

మా ఆయన బతికున్నన్నాళ్లూ సాన పట్టాడు.
అంచు ఎంత సన్నమైతే పని అంత అనేవాడు.
ఈ పళ్లు చూసుంటే
ఏమనేవాడో.

"ఎన్నాళ్లకి తింటుంది?"
"వెచ్చగా ఉంచితే... గోరంత రేకు, పల్చటిది,
ఆరు వారాలు."
అతను ఆ మాట పూర్తి చేసేలోపు
నా వెనక బెల్టు మీద
నలభై సీసాలు దాటిపోయాయి.
తిరిగి చూశాడు. నేను చూడలేదు,
చప్పుడు చాలు నాకు.

ఆ రాత్రి బూట్లు కడగబోయి ఆగాను.
ఆగి, కడిగాను.
మట్టికేం కొదవ అక్కడ?

పొద్దున మాత్రం
సీసాల అడుగున మిగిలిన గుక్కలన్నీ ఒక డబ్బాలోకి వంచి
గేటు పక్క బురదలో పోశాను.
కుజేకి చెప్పలేదు,
అతని లెక్కలు పాడవుతాయేమో.

ఒట్టి గిన్నె
ఎన్నాళ్లని కొరుకుతుంది పాపం.