కోల బంతి

పెరియమేట్‌లో మా ముత్తాత చెంగయ్య
జీనులూ బూట్లూ కుట్టేవాడు.
తనకు మాత్రం వట్టికాళ్ళే.

ఆస్ట్రేలియా గుర్రాలతో పాటు ఓడ దిగాడట టల్లక్ దొర.
ఎడమ మోకాలు వంగదు. గుర్రమెక్కితే తెలీదు,
దిగితే మాత్రం ఇంకా ఓడ మీదే ఉన్నట్టు నడిచేవాడు.
ఓ పొద్దున సంచిలోంచి గాలిపోయిన తోలొకటి తీసి
అరుగు మీద పెట్టాడు. గుడ్డూ కాదు, గుమ్మడీ కాదు.
"బంతి" అన్నాడు, వచ్చీరాని అరవంలో.
"దీన్నెవరో తొక్కేశారు దొరా" అన్నాడు మా ముత్తాత.

నాలుగు ముక్కలు. తంగేడు చెక్కలో నానిన తోలు.
మైనం పట్టించిన దారం.
లోపలికి, కసాయి వీధిలో అణాకి కొన్న
ఎద్దు ఉచ్చబుడ్డ.

ఆరె ఆడినంతసేపూ దొర తన ఆట చెప్పాడు.
సుద్దముక్కతో మైదానం గీశాడు, అదీ గుడ్డులాగే.
అటు నాలుగు గుంజలు, ఇటు నాలుగు.
ఏడేళ్ళు ఆడానని ఏడు వేళ్ళు.
ఎవడి భుజాల మీదికో ఎగిరి
గాల్లో బంతి అందుకున్నానని చూపించడానికి
మా అరుగు మీంచి ఎగరబోయి
మోకాలు గుర్తొచ్చి ఆగాడు.
జనం తన పేరు పెట్టి అరిచేవారట.
ఆ అరుపు తనే అరిచాడు.
వీధిలో కాకులన్నీ లేచాయి.

ఎనిమిదో ఏటికి వేలు ఎత్తలేదు.
మోకాలిచిప్ప మీద సుద్దతో అడ్డంగా ఒక గీత,
అంతే.

సాయంత్రం ఐలాండ్ మైదానంలో
గుర్రాలు తలెత్తి చూస్తుండగా
దొర తన్నాడు.
లేచింది, గిర్రున తిరిగింది,
ఏదో మర్చిపోయినట్టు పక్కకి మళ్ళి
కూవంలో పడింది.

మా ముత్తాత పంచె ఎగ్గట్టి దిగాడు.
తెచ్చిస్తే దొర పుచ్చుకోలేదు,
నువ్వు తన్ను అన్నట్టు చెయ్యూపాడు.
ఊళ్ళో సగం కాళ్ళకు తోలు తొడిగినవాడు
వట్టికాలితో తన్నాడు.

అది ఎంత దూరం పోయిందో
మా ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో లెక్క.
మా అవ్వ లెక్కన జనరల్ ఆస్పత్రి దాటింది.
మా మామ నమ్మడు: తడిసిన తోలు అంత ఎగరదంటాడు.

దొర ఆ వారమే ఓడెక్కాడు.
బంతి పట్టుకుపోయాడు. మూడణాలు బాకీ.

నేనిప్పుడు అదే వీధిలో ఫుట్‌బాళ్ళు అమ్ముతాను.
జలంధర్ సరుకు, అన్నీ గుండ్రనివే.
వ్యాసర్పాడి పిల్లలొచ్చి నేలకేసి కొట్టి చూస్తారు,
తిన్నగా లేస్తుందా అని.
తిన్నగానే లేస్తుంది.
రాత్రి గల్లా కట్టేటప్పుడు
నాకే ఎందుకో
మూడణాలు తక్కువొచ్చినట్టుంటుంది.